ఎడమకాలి బ్రేకు

ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టగానే గుణశేఖర్ చేసే మొదటి పని పల్సర్ మీది గుడ్డ తీయడం. గుడ్డంటే భార్య జోగమ్మ పాత నేతచీర. రెండు పొరలు వేసి అంచులు కుట్టి ఇచ్చింది. దాన్ని దులిపి, మడిచి, గోడ మీద వేస్తాడు. ముందు పొడిగుడ్డతో సీటు, తర్వాత తడిగుడ్డతో ట్యాంకు, చక్రాల సందులు. ఉక్కు ఫ్యాక్టరీ ఊరి దుమ్ము నల్లగా, సన్నగా ఉంటుంది. వారం వదిలేస్తే దాని మీద వేలితో పేరు రాసుకోవచ్చు. గొలుసుకి బ్రష్షుతో కిరసనాయిలు కొట్టి, ఆరాక వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ నూనె చుక్కలు వేస్తాడు. టైర్లు నొక్కి చూస్తాడు. అంతా అయ్యాక బండిని షెడ్డులోంచి తోసుకుంటూ వీధి చివరి వేపచెట్టు దాకా తీసుకెళ్ళి, స్టాండు వేసి, తాళం తిప్పుతాడు. మీటరులో కిలోమీటర్ల అంకెలు వెలుగుతాయి. వాటి వంక కాసేపు చూసి అప్పుడు స్టార్టు చేస్తాడు. ఇంజను వేడెక్కేదాకా చేతులు కట్టుకుని పక్కనే నిలబడతాడు. తర్వాత ఆపి, మళ్ళీ తోసుకుంటూ ఇంటికి వస్తాడు.

ఎవరైనా అడిగితే, "ఒక రౌండేసొచ్చాను" అంటాడు.

బండి ఆయన కొడుకు దేవీప్రసాద్‌ది. పోయిన వానాకాలం జ్వరమని ఆస్పత్రికి తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళినవాడు తిరిగి రాలేదు.

పల్సర్ పక్కనే గుణశేఖర్ బుల్లెట్టు ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో కొన్నది. ఆయన రిటైరయ్యాడు గానీ అది కాలేదు. పాతకాలం బుల్లెట్టు కాబట్టి దానికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇప్పటి బళ్ళకి అంతా తిరగబడి ఉంటుంది. కొడుకు పల్సర్ తెచ్చిన రోజున సరదాపడి ఎక్కి, ఆపవలసిన చోట అలవాటు కొద్దీ ఎడమకాలు నొక్కి, ఎదురింటి గేటుని గుద్దాడు. దేవీప్రసాద్ వీధిలో గొంతుక్కూర్చుని నవ్వాడు. "నాన్నా, నీ కాళ్ళు పాత మోడలు" అన్నాడు. మళ్ళీ గుణశేఖర్ దాన్ని నడపలేదు.

ఆ ఆదివారం బండి మీద చీర కప్పుతూ ఉండగా ఫోను మోగింది. తగరపువలస నుంచి చెల్లెలు నూకాలు.

"అన్నియ్యా, వచ్చే ఆదివారం నానూ సాయీ ఒత్తన్నాం. రోజు మంచిదంట. బండి ఆ రోజే తీసుకెల్పోతాడు."

"అలగే" అన్నాడు గుణశేఖర్.

పెద్దకర్మ నాడు నూకాలు అడిగింది. బండి ఊరకే మూలపడి ఉంటే పాడైపోతుంది, మా సాయిశంకర్ తిప్పుకుంటాడు, వాళ్ళ బావ గుర్తుగా ఉంటుంది అని. ఆయన తలూపాడు. ఆ రోజు ఎవరేమడిగినా తలూపాడు. ఊపిన తల ఊపినట్టే ఉండిపోయింది.

ఫోను జేబులో పెట్టుకుని ఇటు తిరిగితే గుమ్మంలో కోడలు హేమశ్రీ నిలబడి ఉంది. చేతిలో ఇస్త్రీ చేసిన కంపెనీ యూనిఫాం. అచ్యుతాపురంలో మందుల కంపెనీ ల్యాబులో ఆమె పని. ఫోనులో మాటలు విన్నట్టే ఉంది.

"మావయ్యా, నాకు బండి నేర్పుతారా?"

గుణశేఖర్ చీర కొస సర్దాడు. లోపల్నుంచి జోగమ్మే అందుకుంది. "ఇప్పుడు బండెందుకే నీకు?"

"వచ్చే నెల నుంచి ఇటేపు కంపెనీ బస్సు తీసేత్తన్నారంటత్తా. ఎక్కేవోళ్ళు సాల్డం లేదంట. ఎవరి దారిన ఆళ్ళు రమ్మన్నారు. పొద్దున్న షిఫ్టంటే తెల్లారకుండా బయల్దేరాల. ఆ టైముకి ఆటో ఎక్కడ దొరుకుతాది?"

"స్కూటీ కొనుక్కో మరి."

"మా ల్యాబులో రోజలిన్ స్కూటీ మీదే ఎల్లేది. లారీలు దిగబడిన గోతిలో ఆ సిన్న సక్రం ఇరుక్కుని పడింది. సెయ్యిరిగింది. ఇప్పుడు కంపెనీ పక్కనే హాస్టల్లో ఉంటంది. రూములో ఇంకో మంచం కాళీగా ఉంది, ఒచ్చీమంటంది."

జోగమ్మ బియ్యం చేట పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "ఎల్లిపోతావేటి?"

"ఎల్లాలని లేదు" అంది హేమశ్రీ. పల్సర్ మీది చీర వైపు చూసింది. "క్లచ్చు దాకా ఆయన నేర్పారు. మిగతాది వానలు తగ్గాక అన్నారు."

ఆ మాట తర్వాత ముగ్గురూ తలో దిక్కూ చూశారు. జోగమ్మ చేటలో రాళ్ళు లేని చోట కూడా ఏరింది.

"బుల్లెట్టు మీద నేర్పుతాను" అన్నాడు గుణశేఖర్ చివరికి. "ఆ బండొచ్చినోళ్ళకి ఏ బండైనా ఒత్తాది. కానైతే ఒకటి. బండి తనంతట తాను స్టార్టు సెయ్యలేనోళ్ళు రోడ్డెక్కకూడదు."

మాటలో అబద్ధమేమీ లేదు. అయితే దాని వెనక ఆయన మనసులో ఇంకో లెక్క ఉంది. ఆ బుల్లెట్టు కిక్కు మగాళ్ళకే లొంగదు. రెండు రోజులు కొట్టి, కాలు వాచాక ఈ పిల్ల తనే మానేస్తుంది. చెల్లెలికిచ్చిన మాట దక్కుతుంది, కోడలికి కాదన్నట్టూ ఉండదు. పాము చావదు, కర్ర విరగదు. అలా అనుకుని ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

*

అగనంపూడి కాలనీ దాటాక ఒక లేఅవుటు ఉంది. హద్దురాళ్ళు పాతి, రోడ్లు వేసి, ఇళ్ళు మాత్రం కట్టకుండా వదిలేశారు. రోడ్ల వారన తుమ్మ మొలకలు, మధ్యలో నాలుగైదు తాటిచెట్లు, దూరంగా ఫ్యాక్టరీ పొగ గొట్టాలు. ఆ వారం హేమశ్రీకి మధ్యాహ్నం షిఫ్టు. సోమవారం ఎండెక్కకముందే గుణశేఖర్ ఆమెని బుల్లెట్టు వెనక కూర్చోబెట్టుకుని అక్కడికి తీసుకెళ్ళాడు.

చెప్పులతో కిక్కు కొడితే మడమ లేచిపోతుందని ముందురోజే చెప్పాడు. ఆమె రెండు జతల మేజోళ్ళు వేసుకుని దేవీప్రసాద్ బూట్లు తొడుక్కొచ్చింది. గుణశేఖర్ ఆ బూట్ల వంక ఒకసారి చూసి, పెట్రోలు కుళాయి తిప్పడానికి వంగాడు. తిప్పాక కూడా కాసేపు వంగే ఉన్నాడు.

"క్లచ్చు నీకు తెల్సు. కుడికాలికి గేరు. ఒకటి పైకి, మిగతావి కిందకి. ఎడంకాలికి బ్రేకు. గేదొచ్చినా, గుంటడొచ్చినా, లారీ ఒచ్చినా ముందు ఎడంకాలు. బుర్ర మరిసిపోయినా కాలు మరిసిపోకూడదు."

"ఎడంకాలు" అంది హేమశ్రీ, బళ్ళో పిల్ల వల్లెవేసినట్టు.

"స్టార్టు సెయ్యి."

ఆ బుల్లెట్టు కిక్కుకి ఒక కిటుకుంది. ఎడమ పిడి కింద చిటికెన వేలంత లివరు ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కిపడితే ఇంజను బిగువు సడలుతుంది. అప్పుడు కిక్కుని మెల్లగా దించుతూ, హెడ్‌లైటు మీది చిన్న మీటరులో ముల్లు నడిమికి వచ్చేదాకా ఆగి, లివరు వదిలి ఒక్క తన్ను తన్నాలి. అంతే. గుణశేఖర్ ఎడమచెయ్యి ఆ పనిని ఆయన ప్రమేయం లేకుండానే ఏళ్ళ తరబడి చేస్తోంది.

ఆ లివరు సంగతి ఆయన చెప్పలేదు.

హేమశ్రీ కొట్టింది. రాయిని తన్నినట్టు కాలు ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. ఈసారి కిక్కు తిరగబడి పిక్కకి తగిలింది. ఆమె పెదవి కొరుక్కుని, పిక్క రాసుకుని, మళ్ళీ కొట్టింది. నుదుట చెమట కారుతూంటే గుణశేఖర్ తాటిచెట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎంతకీ కాకపోతే తనే స్టార్టు చేసి ఇచ్చాడు.

"ఇంక క్లచ్చు ఒగ్గు. మెల్లగా ఒగ్గు. పాలగిన్ని దించినట్టు... అద్దీ!"

బండి ఊగింది, ఆగింది, మళ్ళీ ఊగింది. రెండో రోజుకి హద్దురాళ్ళ మధ్య ఒక చుట్టు తిరిగింది. మూడో చుట్టులో బండి ఒక పక్కకి ఒరిగితే ఆపలేక దానితోపాటే పడిపోయింది. సైలెన్సరు తగిలి కాలు కాలింది. గుణశేఖర్ పరుగున వెళ్ళి బండి ఎత్తబోయాడు.

"ఉండండి మావయ్యా, నాను ఎత్తుతాను" అందామె. పిడి ఒక చేత్తో, సీటు కింద ఒక చేత్తో పట్టి, వీపు ఆనించి, కాళ్ళతో నెట్టి లేపింది. ఎలా ఎత్తాలో ఆయన చెప్పి ఉండలేదు. పోయిన ఏడు వానలో షెడ్డు ముందు బండి జారిపడినప్పుడు ఆయన ఎత్తడం చూసినట్టుంది.

ఇంటికొచ్చాక జోగమ్మ వాచిన పిక్కకి ఉప్పు కాపడం పెడుతూ సణిగింది. "ఇది బండేటి, బర్రెగొడ్డు. నన్నూ పెల్లైన కొత్తలో దీనెనకాల కూచోబెట్టి భీమిలి తీసుకెల్నాడు. నడుం ఇప్పటికీ సరవ్వలేదు. మానీయే అమ్మా."

"రేపు కూడా సూత్తానత్తా."

గుణశేఖర్ పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాడు. పేజీ తిప్పలేదు. మానేస్తుందనుకున్న రోజు దాటిపోయింది.

*

బుధవారం పొద్దున్న క్లచ్చు కేబులు తెగింది. ఆ వంకన హేమశ్రీ ఇంటి దగ్గరుండి ఫోనులో ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంది. గుణశేఖర్ కేబులు కోసం కూర్మన్నపాలెంలో శుభాకర్ దగ్గరికి వెళ్ళాడు.

శుభాకర్ ఫ్యాక్టరీ గ్యారేజీలో ఆయనతో కలిసి పనిచేసినవాడు. ఇప్పుడు ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని పాత బళ్ళు బాగుచేస్తున్నాడు. గోడకి చర్చి క్యాలెండరు, దాని కింద వరసగా వేలాడే సైలెన్సర్లు.

"ఏటి బావా, కేబులు తెంపేసినావా? నీ సేతిలో కేబులు తెగడం నానెప్పుడూ సూడలేదు."

"నాను కాదు. మా కోడలు."

"కోడలే!" శుభాకర్ స్పానరు పక్కన పెట్టాడు. "బుల్లెట్టు మీదే?"

"ఊఁ."

"శెబాసు. మా పెద్దమ్మాయికి సైకిలు నేర్పడానికే నా సెప్పులరిగిపోనాయి. కిక్కు కొడతందా?"

"కొడతంది. అందుకోడం లేదు."

"డీకంప్రెసర్ నొక్కమన్నావా? ఆ సిన్న లివరు?"

గుణశేఖర్ బల్ల మీది నట్టు ఒకటి తీసి, మర చూస్తున్నట్టు వెలుతురుకి పెట్టాడు.

శుభాకర్ కాసేపు ఆ నట్టు వంకా, ఆయన వంకా మార్చి మార్చి చూశాడు. "సెప్పలేదన్నమాట. బావా, నేర్పుతన్నావా, మానిపిత్తన్నావా?"

గుణశేఖర్ నట్టు కింద పెట్టి, ఉన్నది చెప్పాడు. ఆదివారం నూకాలు వస్తుందని, కర్మనాడు పదిమందిలో మాటిచ్చానని, ఇచ్చిన మాట వెనక్కెలా తీసుకోవడమని.

"మాట ఇచ్చినావు, బాగుంది. బండి ఎవర్దని ఇచ్చినావు?"

"మావోడిది."

"మీవోడు లేడు కదా. మీవోడి పెళ్ళాం ఉంది. ఆ పిల్లనెవలైనా అడిగేరేటి?"

గుణశేఖర్‌కి కర్మనాటి ఇల్లు కళ్ళ ముందుకి వచ్చింది. తను అరుగు మీద, నూకాలు పక్కన, బంధువులంతా చుట్టూ. కిటికీకి అవతల, చేయి చాపితే అందేంత దూరంలో హేమశ్రీ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. బండి మాట వచ్చినప్పుడు ఆమె తలెత్తింది. అది ఆయన చూశాడు. చూసే తలూపాడు.

శుభాకర్ ఇంక ఆ మాట ఎత్తలేదు. కొత్త కేబులు చుట్ట విప్పి, కొసకి కాగితం గరాటు చుట్టి, చుక్క చుక్కగా నూనె వదులుతూ, ఉక్కబోత గురించి, తన మనవడు జాక్సన్ అల్లరి గురించి చెబుతూ పోయాడు. నూనె అవతలి కొసన బయటికి వచ్చేదాకా గుణశేఖర్ ఆ కేబులు వంకే చూశాడు.

*

గురువారం లేఅవుటులో హేమశ్రీ కిక్కు మీద కాలు పెట్టబోతుంటే, "ఆగు" అన్నాడు గుణశేఖర్. "ఇటు సూడు. ఎడంసేతి కింద. ఈ లివరు."

చెప్పాడు. నొక్కి పట్టడం, ముల్లు కోసం ఆగడం, వదలడం. చెబుతున్నంతసేపూ ఆమె మొహం వంక చూడలేదు. లివరుకే పాఠం చెబుతున్నట్టు చెప్పాడు.

హేమశ్రీ వేళ్ళు లివరు మీదికి తిన్నగా వెళ్ళాయి. కిక్కు మెత్తగా దిగింది. ముల్లు నడిమికి వచ్చింది. లివరు వదిలి ఒక్క తన్ను. బుల్లెట్టు గొంతు సవరించుకుని పలికింది. తాటిచెట్టు మీది కాకులు లేచాయి.

గుణశేఖర్ సంతోషించబోయి ఆగాడు. కొత్తగా నేర్చుకున్న చెయ్యి అలా వెళ్ళదు.

"నీకు ముందే తెల్సేటి?"

"వంటింటి కిటికీలోంచి షెడ్డు కనపడతాది మావయ్యా. మీరు నొక్కడం రోజూ సూత్తాను."

"మరి ఇన్నాళ్ళూ కాలెందుకు వాయగొట్టుకున్నావు?"

ఆమె పిడి సరిచేసుకుంది.

"మీరు సెప్తారని" అంది.

గుణశేఖర్ జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చెమట అంతగా పట్టలేదు. "సెప్పాను కదా" అన్నాడు.

"సెప్పారు" అని హేమశ్రీ నవ్వింది. కుడికాలితో గేరు పైకి లేపింది.

ఆ రోజు నుంచి ఆయన ఏదీ దాచుకోలేదు. నడపడమే కాదు, నడిపి వచ్చాక చూసుకోవడమూ చెప్పాడు. వేడి ఇంజను మీద నీళ్ళు కొట్టకూడదని, ఆయిలు కొలిచే ముందు బండిని నిటారుగా నిలబెట్టాలని, గొలుసుని వేలితో ఎత్తి వదులు చూడాలని. శుక్రవారం వాల్వుల్ని కదిపే ట్యాపెట్లు సరిచేస్తూ ఆమె చెవిని ఇంజను దగ్గరికి వంచమన్నాడు. "టిక్కుటిక్కుమంటందా? అది బిగించాల. పాత బండికి సెవి కావాల. కొత్త బండి అలక్కాదు, తనకేటయిందో దీపం ఎలిగించి సెప్తాది. దానికి కళ్ళుంటే సాలు."

"మీరు పాత బండే మావయ్యా. ఏటయిందో సెప్పరు."

గుణశేఖర్ నవ్వలేదు గానీ స్పానరు తిప్పడం ఒక్క క్షణం ఆగింది.

శనివారం సాయంత్రం షిఫ్టు లేదు. ఆయన అరుగు మీద కూర్చుని ఉండగా హేమశ్రీ షెడ్డులోకి వెళ్ళింది. పల్సర్ మీది చీర తీసి మడిచి గోడ మీద వేసింది. స్టాండు మీదున్న బండెక్కి కూర్చుంది. తాళం పెట్టలేదు. కళ్ళు మూసుకుని, ఎడమకాలు కిందికి నొక్కింది, బొటనవేలితో పైకి లేపింది. కుడికాలు నొక్కింది. పెదవులు కదులుతున్నాయి. 'కుడికాలు, కుడికాలు.' నేర్చిన దాన్ని తిరగేసి మళ్ళీ నేర్చుకుంటోంది. దేవీప్రసాద్ పోయాక ఆ సీటు మీద ఎవరూ కూర్చోలేదు.

జోగమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మొగుడి మొహం చూసింది. "దిగమని సెప్పనా?"

"ఎందుకు?"

"ఏటో, నీ ముకం సూసి అడిగినాను."

"రేపు నూకాలొత్తాది."

"ఒత్తాది. ఒండి పెడతాను. మిగతాది నీ పని" అంది జోగమ్మ.

*

నూకాలు భీమిలి చేపలతో వచ్చింది. సంచీలో నిమ్మకాయలు, పసుపు, కుంకం కూడా తెచ్చింది. సాయిశంకర్ కొత్త హెల్మెట్టు చేతికి తగిలించుకుని, గుమ్మంలోనే "ఏటి మావయ్యా, సన్నబడిపోనావు! అత్త అన్నం పెడతందా, కొలిసి పెడతందా?" అన్నాడు. లోపల్నుంచి జోగమ్మ "నీకు మాత్రం కొలిసే పెడతాన్రా" అంది. ఇల్లు కాస్త కదిలినట్టయింది.

పల్సర్ అప్పటికే వాకిట్లో ఉంది. గుణశేఖర్ పొద్దున్నే తుడిచాడు. నూకాలు కుంకం పొట్లం విప్పుతూ ముందు నంబరు ప్లేటు దగ్గరికి వంగింది. దాని పక్కన ఎర్ర టేపుతో ఎల్ అక్షరం అతికించి ఉంది. వెనకా ఉంది.

"ఇదేటన్నియ్యా, ఎల్లని ఏసినావు? మావోడికి లైసెన్సుంది."

"నీ కొడుక్కి కాదు" అన్నాడు గుణశేఖర్. "ఆ రోజు అడగాల్సిన మాట ఒకటి నానడగలేదు. ఇయ్యాల అడుగుతాను. హేమా, ఇలాగ్రా."

హేమశ్రీ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఆ బండి నీది. ఇచ్చీమంటే ఇచ్చేత్తాను. ఉంచుకుంటావా?"

వీధిలో కూరగాయల బండివాడు కేక వేసుకుంటూ వెళ్ళాడు.

"ఉంచుకుంటాను మావయ్యా" అంది హేమశ్రీ.

నూకాలు మొహం ఎర్రబడింది. "పదిమందిలో మాటిచ్చినావు. ఇదిగో ఆడు ఊల్లో అందరికీ సెప్పుకున్నాడు. ఆడకూతురికి ఇంత బండెందుకన్నియ్యా? నాను దేవిగాడి గుర్తుగా అడిగినాను గానీ బండికి మొకం వాచా?"

"నాకు తెల్సు నూకాలూ."

"అమ్మా, ఒగ్గీ" అన్నాడు సాయిశంకర్. హెల్మెట్టు వెనక్కి దాచుకున్నాడు. "నాకేటి తెల్సక్కా, ఇత్తన్నారంటే ఒచ్చినాను. నీకు కావాలని తెలిత్తే ఎందుకొత్తాను?"

"నీకు బండిత్తానన్నాన్రా. మాట మాటే" అన్నాడు గుణశేఖర్. షెడ్డు వైపు చూపించాడు. "ఆ బండి నాది. అదియ్యడానికి నాను ఎవల్నీ అడగక్కర్లేదు. బుల్లెట్టు తీసుకో."

జోగమ్మ గరిటె పట్టుకుని వాకిట్లోకి వచ్చేసింది. "ఓలమ్మా! కావాలంటే నన్నైనా ఇచ్చేత్తాడనుకున్నాను గానీ, బుల్లెట్టిత్తాడనుకోలేదే!"

నూకాలు కోపంగా ఉండాలనే చూసింది. కుదరలేదు. చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయిశంకర్ అప్పటికే షెడ్డులో ఉన్నాడు. "నిజంగానేటి మావయ్యా? మా ఊర్లో ఎవలికీ లేదిది! ఒక్క రౌండు, ఒక్క రౌండు" అంటూ వీధిలోకి తోసుకొచ్చి ఎగిరి కిక్కు కొట్టాడు. కిక్కు తిరగబడింది. ఒంటికాలి మీద వీధంతా గెంతాడు.

హేమశ్రీ వెళ్ళింది. "కొట్టకు తమ్ముడూ. ముందు ఈ లివరు సూడు" అంది. నొక్కి చూపించింది, ముల్లు చూపించింది. ఒక్క మాట దాచలేదు. గుణశేఖర్ అరుగు అంచున నిలబడి విన్నాడు.

బండి స్టార్టయింది. "కాళ్ళు తిరగబడి ఉంటాయి, బ్రేకు..." అని ఆమె చెబుతూనే ఉంది, వాడు వెళ్ళిపోయాడు. వేపచెట్టు దగ్గర కొత్తగా కడుతున్న ఇంటి ముందు ఇసకకుప్ప ఉంది. దాని ముందు ఆపుదామని వాడు కుడికాలు నొక్కాడు. గేరు మారింది గానీ బండి ఆగలేదు.

"బ్రేకేదక్కా!"

"ఎడంకాలు! ఎడంకాలు!"

బుల్లెట్టు తాపీగా ఇసకకుప్ప ఎక్కి, సగంలో కూరుకుని, ఆగిపోయింది. సాయిశంకర్ పిడి మీదుగా ఇసకలోకి జారాడు. తల పైకెత్తి, నోట్లో ఇసక ఉమ్మి, "మావయ్యా, దీని కాళ్ళు పాత మోడలు!" అని అరిచాడు.

గుణశేఖర్ వీధి మధ్యలో గొంతుక్కూర్చుని నవ్వాడు. భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. నవ్వు ఆగాక కూడా లేవలేదు. తల వంచుకుని అలాగే కూర్చుంటే జోగమ్మ వచ్చి, గరిటె ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

అన్నాల దగ్గర ఆయన సాయిశంకర్‌తో చెప్పాడు. "బండి నీదే గానీ అప్పుడే తీసుకెల్లడం కాదు. ఆదివారం ఆదివారం రా. మీ అక్క నేర్పుతాది. తుడవడం కూడా."

"అయితే ఆదివారం ఆదివారం సేపలు నాను మొయ్యాలేటి?" అంది నూకాలు.

"మొయ్యి" అన్నాడు ఆమె అన్న, చేపముల్లు తీసుకుంటూ.

*

ఎండ తగ్గాక, వాళ్ళని బస్సెక్కించి వచ్చాక, హేమశ్రీ దేవీప్రసాద్ బూట్లు తొడుక్కుని వాకిట్లోకి వచ్చింది.

"ఎక్కండి మావయ్యా."

"నానెందుకు?"

"ఎల్ బండి. ఎనకాల లైసెన్సున్నోళ్ళు కూచోవాల."

గుణశేఖర్ కాలెత్తి వెనక సీటు మీద కూర్చున్నాడు. ఎవరి వెనకా కూర్చున్న అలవాటు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక కడ్డీ పట్టుకున్నాడు. హేమశ్రీ తాళం తిప్పింది. మీటరులో అంకెలు వెలిగాయి. వానాకాలంలో దేవీప్రసాద్ చివరిసారి తాళం తీసినప్పుడు ఏ అంకె ఉందో అదే అంకె. ఆమె భుజం మీంచి ఆయన చూశాడు. ఆమె కూడా చూస్తోందని, తాళం తిప్పిన చెయ్యి పిడి మీదికి వెళ్ళకుండా అక్కడే ఆగడం వల్ల తెలిసింది. ఆదివారం రౌండ్ల సంగతి ఈ పిల్లకి మొదట్నుంచీ తెలుసు.

"పోనిమ్మంటారా?" అంది.

గుణశేఖర్ కడ్డీ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. "పోనీ" అన్నాడు.

ఎడమకాలు కిందికి, క్లచ్చు మెల్లగా. బండి కదిలింది. వేపచెట్టు వచ్చింది, వెనక్కి పోయింది. ఎదురుగా స్పీడుబ్రేకరు కనిపించగానే గుణశేఖర్ ఎడమకాలు గట్టిగా నొక్కింది. మలుపులో మళ్ళీ నొక్కింది. చర్చి దగ్గర మేకలు రోడ్డు దాటుతుంటే మళ్ళీ.

"మావయ్యా, ఎడంకాలు ఒగ్గండి. బండి అటే లాగేత్తంది."

"బ్రేకేత్తన్నానే."

"అక్కడ లేదది. ఒగ్గీయండి."

ఆయన కిందికి చూసుకున్నాడు. కాలి కింద ఉన్నది ఉత్త ఫుట్‌రెస్టు. కాలు సడలించాడు.

లేఅవుటు రోడ్డెక్కాక మీటరులో చివరి అంకె మారింది. ఆయన చూస్తుండగానే మారింది. ఏదో అవుతుందనుకుని గుణశేఖర్ చుట్టూ చూశాడు. తాటిచెట్లు అలాగే ఉన్నాయి. పొగ గొట్టాల వెనక ఆకాశం రోజూలాగే ఎర్రబడుతోంది.

"మారింది" అన్నాడు.

"సూసేను మావయ్యా" అంది హేమశ్రీ. కాసేపటికి, "ఇంకొంచెం దూరం పోనిమ్మంటారా?" అంది.

ఆయన కడ్డీ వదిలి, ఆమె భుజం మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు.

హద్దురాళ్ళు తిరిగే చోట తుమ్మ మొలకల్లోంచి కుక్క ఒకటి రోడ్డు మీదికి ఉరికింది. హేమశ్రీ కుడికాలు నొక్కింది. బండి ఊగకుండా ఆగింది. కుక్క ఇద్దరినీ ఓసారి చూసి తన దారిన తను పోయింది.

గుణశేఖర్ ఎడమకాలు ఉన్నచోటే ఉంది.